పెరటి ముచ్చట్లు: చైత్రమాసపు గోంగూర

చైత్రం వచ్చేసరికి వేప పూస్తుంది, కుళాయి సన్నబడుతుంది. పెరడున్న ఇల్లాలికి సంబరమూ దిగులూ ఒక్కసారే వస్తాయి. గింజ వేయవలసిన కాలమూ ఇదే, నీళ్ళకు కటకటలాడే కాలమూ ఇదే. అంచేత ఈ నెల గోంగూర మడి గురించీ, ఉన్న నీళ్ళతో దాన్ని నిలుపుకోవడం గురించీ చెబుతాను. ముందు నేను చేసిన పొరపాటు చెప్పుకోవాలి.

2024 మార్చిలో, వేలకొద్దీ బోరుబావులు ఎండిపోయిన ఆ వేసవిలో, బెంగుళూరులో తాగేనీరు మొక్కలకు పోయకూడదనీ, పోస్తే 5,000 రూపాయల జరిమానా అనీ నీటి సరఫరా వారు ఉత్తర్వు చేశారు. వారిని తప్పు పట్టడానికి లేదు. తప్పంతా నాదే. బట్టలుతికే యంత్రం వదిలిన సబ్బునీళ్ళు వృథాగా పోతున్నాయిగదా అని పదిహేను రోజులు మళ్ళకు పోశాను. మొదట ఆకుల అంచులు మాడాయి. తరువాత నేల తెల్లగా పెచ్చు కట్టింది. సబ్బుపొడిలోని సోడా మట్టిని బిగదీసి, నీరు లోపలికి ఇంకనివ్వదని ఆ తరువాత తెలుసుకున్నాను. మా అత్తగారి నాటి నుంచి వస్తున్న ఎర్రగోంగూర మడి అలా పోయింది. మాఘంలోనే ఉన్న విత్తనమంతా చల్లేశాను. డబ్బాలో ఒక్క గింజ మిగల్చలేదు.

అంగట్లో పొట్లం కొని మళ్ళీ వేశాను. ఏపుగానే పెరిగింది, కాని పులుపు లేదు. పచ్చడి చేసి పెడితే మావారు ఒక ముద్ద తిని, “ఇది గోంగూరేనా?” అన్నారు. ఆ ఏడు దసరాకు కోలారు నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. నా ఏడుపు విని నవ్వింది. “అదేం వదినా! మా పెరట్లో ఉన్నది అమ్మ గింజే కదా. నేను కాపురానికి వెళ్ళేటప్పుడు పొట్లం కట్టి ఇచ్చింది నువ్వే. మరిచిపోయావా?” అంది. సంక్రాంతికి గుప్పెడు గింజలు పంపింది. ఎప్పుడో ఇచ్చి మరిచిపోయిన గుప్పెడే మా వంశం గోంగూరను నిలబెట్టింది.

ఇక విత్తే సంగతి. గింజలు రాత్రి నానబెట్టి, మర్నాడు జానెడు ఎడంగా, వేలి కణుపంత లోతున వేయండి. వారం లోపల మొలకలు వస్తాయి. నెలన్నరకు కోతకు వస్తుంది. మొక్క పీకకుండా కొసలు గిల్లుతూ ఉంటే పక్క కొమ్మలు వేసి మళ్ళీ మళ్ళీ ఆకు ఇస్తుంది. గోంగూర పొద్దు తగ్గే రోజుల్లో పూసే మొక్క. చైత్రంలో వేస్తే వేసవి, వానకాలం పొడుగునా ఆకు దొరుకుతుంది. ఆశ్వయుజం దాటాక వేస్తే మూరెడు కాకుండానే పూతకు వస్తుంది. బెంగుళూరు, హోసూరు వంటి ఎత్తైన ఊళ్ళలో ఏప్రిల్ మామిడి జల్లుల తడిలో విత్తుకోవడం సుఖం. చెన్నపట్నం, బరంపురం, యానాం వంటి తీరపు ఊళ్ళవారు ఎండ ముదరక ముందే విత్తుకోవాలి. ఆలస్యమైతే తొలివానల దాకా ఆగడమే మేలు.

నీళ్ళ విషయం. బియ్యం కడిగినవీ, కూరలు కడిగినవీ నిరభ్యంతరంగా పోయవచ్చు. ఉప్పు వేసి ఉడికించిన నీళ్ళూ, సబ్బునీళ్ళూ వద్దు. ఇళ్ళలో నీళ్ళు శుద్ధిచేసే యంత్రం వదిలేసే నీరు కూడా రోజూ పోయకండి. అందులో లవణాలు చిక్కబడి ఉంటాయి. దానితో ఇల్లు తుడుచుకోండి, ముంగిలి కడుక్కోండి. పొద్దు పొడవక ముందు, రోజు విడిచి రోజు, వేళ్ళు తడిసేలా పోయాలి. ప్రతి పూటా పైపైన చిలకరిస్తే వేళ్ళు పైనే తిరిగి ఎండకు మాడతాయి. మొక్కల మధ్య బెత్తెడు మందాన ఎండుటాకులు పరవండి. రాలిన ఆకును చెత్తబండిలో వేసే ఇల్లాలు తన తడిని తానే పారేసుకుంటున్నట్టు.

దోస, బీర, సొర పాదులకు పాత ఉపాయం ఒకటి ఉంది. మెరుగు పూయని మట్టికుండను మెడదాకా పాతి, నీళ్ళు నింపి, దోమలు చేరకుండా మూకుడు మూయండి. చుట్టూ నాలుగు గింజలు పెట్టండి. మట్టి ఆరినకొద్దీ కుండ ఊరుతుంది. బీర, సొర మొదట పూసినవన్నీ రాలిపోయాయని కంగారు పడకండి. అవి మగపూలు. పువ్వు కింద చిన్న పిందె ఉన్నదే ఆడపువ్వు. ఈ రెండు పాదులూ సాయంకాలం పూస్తాయి. తేనెటీగలు కనబడకపోతే, దీపాలు పెట్టే వేళ మగపువ్వు తుంచి ఆడపువ్వు మధ్య మెల్లగా రాయండి, పిందె నిలుస్తుంది. టమాటా మాత్రం ఈ కాలంలో వేయకండి. ఎండ 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది.

చివరి మాట అసలు మాట. గోంగూర మడిలో బలమైన మొక్కలు రెంటికి ఇప్పుడే దారం కట్టి, వాటి ఆకు ముట్టవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. గోంగూర చాలామట్టుకు తన పువ్వుతో తానే గింజ కట్టే జాతి. అంచేత రెండు మొక్కలతోనే మీ రకం మారకుండా నిలుస్తుంది. శీతాకాలంలో కాయలు గోధుమరంగుకు తిరిగాక, నూగు గుచ్చుకోకుండా చేతికి గుడ్డ చుట్టుకుని కోయండి. ఎండబెట్టి, దులిపి, ఎండు వేపాకుతో కలిపి గాజుసీసాలో పెట్టండి. మూడు పాళ్ళు చేసి, ఒకటి విత్తండి, ఒకటి దాచండి, ఒకటి వేరే ఊళ్ళో ఉన్నవారికి ఇవ్వండి. మీ ఊరికి ఎండ వచ్చిన ఏడు వారి ఊళ్ళో వాన ఉండవచ్చు.

మీ ఇంట గింజ లేకపోతే ఇరుగుపొరుగును అడగడానికి మొహమాటపడకండి. కన్నడం వారు పుండి అనీ, తమిళులు పుళిచ్చకీరై అనీ, మరాఠీవారు అంబాడి అనీ పిలిచేది దీన్నే. మన సంఘం ఉగాది సమావేశానికి వచ్చే ప్రతి ఇల్లాలూ తన పెరటి గింజ ఒక పొట్లం కట్టి, మీద రకమూ, కోసిన ఏడూ రాసి తేవాలని నా మనవి. ఎర్రగోంగూర నేను తెస్తాను.

వచ్చే నెల కరివేపచెట్టును వానలకు ముందు ఎలా కత్తిరించాలో చెప్పుకుందాం.