లెక్కకు రాని రాత్రులు

వానాకాలం నాట్ల రోజుల్లో మరిపెడ చుట్టుపక్కల ఊళ్ళలో పొద్దుగూకే వేళ ఒక బేరం జరుగుతుంది. నాట్ల ముఠాను నడిపే స్త్రీ దగ్గరకు రైతు వచ్చి ''అక్కా, రేపు ఎకరంన్నర కావాలె'' అంటాడు. ''పదిమందిమే ఉన్నం పటేలా. అండ్ల ఇద్దరు కొత్త పిల్లలు. నారుమడి దూరముంది. ఎకరం పడ్తది, అంతకు మించి మాటియ్య'' అంటుందామె. కూలి రేటు దగ్గర ఆమె మాట నెగ్గకపోవచ్చు. కానీ రేపు ఎంత పని అవుతుందో చెప్పే హక్కు మాత్రం పని చేసే వాళ్ళదే.

ఈ ప్రాంతం నుంచే చదువుకుని హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చేరిన అమ్మాయిలు ఇలాంటి లెక్కనే రెండు వారాలకోసారి వేస్తున్నారు. దాన్ని 'కెపాసిటీ ప్లానింగ్' అంటారు. రెండు వారాల గడువును 'స్ప్రింట్' అంటారు. టీములో ఆరుగురు ఉన్నారనుకుందాం. పది పనిదినాలు. మీటింగులు, మెయిళ్ళు పోగా రోజుకు ఆరు గంటలే అసలు పనికి మిగులుతాయనుకుంటే మొత్తం 360 గంటలు. అందరివీ కలిపి నాలుగు రోజుల సెలవు ఉంటే 24 గంటలు తీసేయాలి. మిగిలిన 336 గంటల్లో పట్టే పనినే ఒప్పుకోవాలి. చూడటానికి ఎంతో న్యాయమైన లెక్క.

ఈ పద్ధతి పుట్టుక కూడా మంచి ఉద్దేశంతోనే జరిగింది. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో పదిహేడు మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి 'ఎజైల్' ప్రకటన చేశారు. అలసిపోకుండా ఎల్లకాలం కొనసాగించగలిగిన వేగంతోనే పని నడవాలన్నది వారి సూత్రాల్లో ఒకటి. ఆ పదిహేడు మందీ పురుషులే. ఆఫీసు పని ముగిశాక ఇంట్లో మొదలయ్యే పని గురించి వారి సూత్రాల్లో ఒక్క మాటా లేదు.

ఆచరణలో ఏం జరుగుతోంది? గత స్ప్రింట్లలో టీము సగటున ఎంత పని పూర్తి చేసిందో దాన్ని 'వెలాసిటీ' అంటారు. తరువాతి పనిని దాన్ని బట్టే ఒప్పుకుంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది. పిల్లలను పడుకోబెట్టి, రాత్రి పదింటికి మళ్ళీ లాప్‌టాప్ తెరిచి ఒకామె పని పూర్తి చేస్తుంది. ఆ గంటలు ఎక్కడా నమోదు కావు. పూర్తయిన పని మాత్రం సగటులో చేరుతుంది. వచ్చే స్ప్రింటుకు ఆ రాత్రులే మామూలు సామర్థ్యంగా మారిపోతాయి. ఈసారి బిడ్డకు జ్వరం వచ్చి ఆమె రాత్రి కూర్చోలేకపోతే 'వేగం తగ్గింది' అంటారు. ఓవర్‌టైం చట్టం కూడా నమోదైన గంటలనే చూడగలదు. రాయని గంట ప్రణాళికకూ కనిపించదు, చట్టానికీ కనిపించదు.

2024లో ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు దానికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంత తేడా ఉన్నప్పుడు 'అందరికీ ఒకే గంటలు' అనే ప్రణాళిక అందరినీ సమానంగా చూడదు. దేశం కోసం యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి అన్నారు. ఆ 70 గంటలు పనిచేసే వాళ్ళకు అన్నం వండేదెవరు, వాళ్ళ పిల్లలను చూసేదెవరు?

అయితే స్త్రీల వరకు గంటలు తగ్గించి రాస్తే సరిపోతుందా? ఈ సూచన సానుభూతితోనే వస్తుంది గానీ ప్రమాదకరమైనది. ఆమె పేరు పక్కన ఆరుకు బదులు నాలుగు వేస్తే ఇంటిపని ఆమెదేనని కంపెనీ కూడా ముద్ర వేసినట్టవుతుంది. ప్రమోషన్ల నాడు ఆ నాలుగే ఆమెకు ఎదురు తిరుగుతుంది. తగ్గించవలసింది ఆమె సామర్థ్యాన్ని కాదు, కంపెనీ క్లయింటుకు ఇచ్చే మాటను.

అందుకే మనం అడగవలసినవి ఇవి. రాత్రి చేసిన పనిని రాత్రి పనిగానే నమోదు చేయాలి, దాన్ని సగటులో కలపకూడదు. కొత్తవాళ్ళకు నేర్పడం, నోట్సు రాయడం, తగవులు తీర్చడం వంటి, తరచు స్త్రీల మీద పడే పనులకు కూడా గంటలు కేటాయించాలి. టీము లెక్కను ఒక్కొక్కరి పనితీరు కొలవడానికి వాడకూడదు. పిల్లల కోసం సెలవు పెట్టే తండ్రిని కూడా ప్రణాళిక ఊహించగలగాలి. ఎంత పని పడుతుందో చెప్పే చివరి మాట పనిచేసే వాళ్ళదై ఉండాలి.

ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ళ గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మన సంస్థల ప్రాజెక్టు ప్రతిపాదనల్లో ఒక్క కార్యకర్తకు ఎన్ని ఊళ్ళు రాస్తున్నాం? బస్సు కోసం తండా దగ్గర నిలబడిన గంటలు, అర్ధరాత్రి దెబ్బలు తిన్న స్త్రీ నుంచి వచ్చే ఫోను, ఆ తర్వాత పోలీస్ స్టేషన్‌లో గడిచే పొద్దు, ఇవన్నీ ఏ పట్టికలో ఉన్నాయి? గత సంవత్సరం ఆమె ఎలాగో చేసింది కనుక ఈసారి మరో రెండు ఊళ్ళు కలిపిన వాళ్ళలో మనమూ ఉన్నాం. నాట్ల ముఠాలో స్త్రీ రైతుతో చెప్పినంత నిబ్బరంగా మన కార్యకర్త మనతో 'అంతకు మించి మాటియ్య' అనగలుగుతోందా? రాబోయే ప్రణాళికా సమావేశంలో ముందు ఈ ప్రశ్నతోనే మొదలుపెడదాం.