తుప్పు పట్టలేదు

పిల్లలు బడికి, ఆయన గో ట్రైన్‌లో టొరంటోకి వెళ్ళాక ఏజాక్స్‌లో మా ఇల్లు మూడింటిదాకా నాదే. ఈ చలికాలం ఆ టైంలో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టాను. 2006లో దీన్ని సొంత ప్రాజెక్టుగా మొదలుపెట్టిన గ్రేడన్ హోర్ మన కెనడా వారే. 1.0 వెర్షన్ 2015లో వచ్చింది.

బీఎస్సీలో సీ చదివాను కానీ, పెళ్ళయ్యాక పదేళ్ళుగా కోడ్ ముట్టలేదు. మాక్రోల పాఠం రాగానే గుండె ఝల్లుమంది.

మాక్రో అంటే మన బదులు కోడ్ రాసిపెట్టే కోడ్. ప్రెస్సులో శుభలేఖ మేటర్ సిద్ధంగా ఉంటుంది కదండీ, పేర్లు, ముహూర్తం నింపి అచ్చేస్తారు. మాక్రో కూడా అంతే. ప్రోగ్రాం నడవకముందే, కంపైల్ అయ్యేటప్పుడే ఖాళీలు నింపేస్తుంది. రస్ట్‌లో దాని పేరు చివర ఆశ్చర్యార్థకం పెట్టి పిలుస్తాం. మొదటిరోజే రాసే ప్రింట్‌లైన్! కూడా మాక్రోనే.

నేను వర్గం కట్టే మాక్రో రాశాను. ఎక్స్ ఇస్తే ఎక్స్ ఇంటూ ఎక్స్. సీలో బ్రాకెట్లు మరిచిపోయి 2+3 ఇస్తే అది 2+3×2+3గా మారి 11 వస్తుంది. డిగ్రీ ల్యాబ్‌లో నాకు మార్కులు పోయింది అక్కడే! రస్ట్ 2+3ని ఒకే ముద్దగా తీసుకుని 25 ఇచ్చింది.

మురిసిపోయి, ఈసారి కీబోర్డు నుంచి అంకె చదివే ఫంక్షన్ ఇచ్చాను. అది అంకెని రెండుసార్లు అడిగింది! 4, 5 కొడితే 20 వచ్చింది. గంటసేపు తల పట్టుకున్నాను. ఇక నా వల్ల కాదేమో అనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చివరికి మాక్రో నింపాక కోడ్ ఎలా ఉంటుందో కాగితం మీద రాసుకున్నాను. ఎక్స్ రెండుచోట్ల ఉంది, కాబట్టి ఫంక్షన్ రెండుసార్లు నడిచింది. అంతే! విలువని ముందే ఒక పేరులో దాచి, దాన్ని గుణిస్తే సరిపోయింది. ఆ పేరు బయటి పేర్లతో కలగాపులగం కాకుండా రస్టే చూసుకుంటుంది.

నిజానికి వర్గానికి మామూలు ఫంక్షనే చాలు. ఎన్ని విలువలు ఇస్తామో ముందే తెలియనప్పుడు, ప్రింట్‌లైన్! లాంటి చోట, మాక్రో కావాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ముందు ఫంక్షన్‌తో పనవుతుందేమో చూసుకోండి. మాక్రో రాస్తే మాత్రం ఒకసారి కాగితం మీద విప్పి చూడండి.

ఉద్యోగం సంగతి తర్వాత. రస్ట్ అంటే తుప్పు కదా, అది నా బుర్రకి పట్టలేదని తేలింది. ఈ నెలకి ఆ సంతోషం చాలండీ!