గడిలో ఇమడని కుటుంబం

2004 డిసెంబరు 26న సునామీ వచ్చి వెళ్లాక, కార్ నికోబార్‌లో బతికి బయటపడ్డవాళ్ల ముందుకు సర్కారు రిజిస్టర్లు వచ్చాయి. పరిహారం పంచాలి, ఇళ్లు కట్టివ్వాలి, దానికి కుటుంబాలను లెక్కపెట్టాలి. రిజిస్టరుకు తెలిసిన కుటుంబం ఒకటే: భర్త, భార్య, పిల్లలు. నికోబారీలు ఎరిగిన కుటుంబం వేరు. దాన్ని వాళ్లు తుహేత్ అంటారు. ఒక పెద్ద కింద అనేక జంటలు, వాళ్ల పిల్లలు, ముసలివాళ్లు, వితంతువులు అందరూ కలిస్తే ఒక తుహేత్. భూమీ కొబ్బరితోటలూ పందులూ ఏ ఒక్కరి సొత్తూ కావు, తుహేత్‌వే. పెళ్లయ్యాక అమ్మాయే అత్తారింటికి వెళ్లాలన్న కట్టుబాటు కూడా లేదు. ఎవరి తుహేత్‌లో పనికి చేతులు తక్కువగా ఉంటే కొత్త జంట అటే వెళ్తుంది.

చెక్కులు మాత్రం విడివిడి పేర్ల మీద వచ్చాయి. ఇళ్లు చిన్న కుటుంబానికొకటి చొప్పున వరసలుగా లేచాయి. చేతికి డబ్బొచ్చిన కుర్రవాళ్లకూ, తోటల బాగోగులు చూసే పెద్దలకూ మధ్య అంతవరకూ లేని తగాదాలు మొదలయ్యాయి. ఆ తర్వాత ఆ దీవుల మీద పనిచేసిన పరిశోధకులు ఈ సంగతి పదేపదే రాశారు. తుహేత్‌ను రద్దు చేస్తూ ఎవరూ చట్టం చేయలేదు, అధికారులకు చెడు తలంపూ లేదు. ఫారంలో ‘కుటుంబం’ అన్న గడి ఒకటుంది. తుహేత్ అందులో పట్టలేదు.

ఉమ్మడి పౌరస్మృతి మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ గడే గుర్తొస్తుంది. మన దగ్గర ఈ చర్చ ఎప్పుడూ హిందూ ముస్లిం పేచీగానే నడుస్తుంది. 1985 నాటి షాబానో తీర్పుతో మొదలుపెట్టి 2019 నాటి ట్రిపుల్ తలాక్ చట్టం దగ్గర ఆగుతుంది. అండమాన్ నికోబార్ నుంచి చూస్తే అది చాలా ఇరుకైన చర్చ. 2011 జనగణనలో అక్కడి జనం 3.8 లక్షలు. దాదాపు 69 శాతం హిందువులు, 21 శాతం క్రైస్తవులు, 8 శాతానికి పైగా ముస్లింలు. ప్రతి ఎనిమిది మందిలో ఒకరు తెలుగువారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకూ కూలికీ వెళ్లి, పోర్ట్‌బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ వంటి చోట్ల స్థిరపడ్డ కుటుంబాలు వాళ్లలో ఎన్నో. 1858లో ఖైదీల వలస మొదలయ్యాక కులం పట్టింపులు దాటి జరిగిన పెళ్లిళ్ల సంతానం ‘లోకల్ బార్న్’ పేరుతో ఒక సమాజంగానే ఎదిగింది. పెళ్లి, ఆస్తి, విడాకుల ప్రశ్నలు ఇన్ని రకాలుగా పక్కపక్కనే కనిపించే ప్రాంతాలు మన దేశంలో తక్కువ.

అలాగని, ఏ మతం చట్టాన్ని ఆ మతానికే వదిలేయండి, ముట్టుకోవద్దు అనేవారితో నేను ఏకీభవించలేను. 1869 నాటి విడాకుల చట్టం కింద పోర్ట్‌బ్లెయిర్‌లోని క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే సరిపోయేది. భార్యకు అది చాలేది కాదు. భర్త వ్యభిచారంతో పాటు అతని క్రూరత్వమో, తనను విడిచిపెట్టి పోవడమో కూడా ఆమె రుజువు చేయాలి. జిల్లా కోర్టు విడాకులిచ్చినా పైన హైకోర్టు ఖాయం చేస్తేనే అది చెల్లేది. ఆ దీవుల హైకోర్టు సముద్రానికి అవతల, కలకత్తాలో. ఈ భేదాన్ని తుడిచేయడానికి 2001 దాకా, అంటే 132 ఏళ్లు పట్టింది. మతాచారం పేరిట ఆడవాళ్లు ఇన్ని తరాలు ఎదురుచూడాల్సిన పని లేదు.

మన గోదావరి ఒడ్డునే మరో పాఠం ఉంది. బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం 1930లో అమల్లోకి వచ్చాక, బ్రిటిష్ ఆంధ్రలోని కుటుంబాలు పిల్లల్ని తీసుకుని ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న యానాం వెళ్లి పెళ్లిళ్లు చేసుకొచ్చేవి. యానానికి కళ్యాణపురం అన్న పేరే పడింది. పిల్లకు రక్షణ ఊరి పొలిమేర దాకానే ఉంటే ఆ పొలిమేర దాటించడం పెద్దలకు ఎంత సులువో యానాం చూపించింది. పెళ్లి వయసు, ఇష్టపూర్వక సమ్మతి, భరణం, వారసత్వంలో ఆడమగ సమానత అన్నవి మతాన్ని బట్టీ ప్రాంతాన్ని బట్టీ మారకూడదు.

నా పేచీ ఆ తర్వాతి అడుగు దగ్గర. హక్కులు ఒక్కటిగా ఉండటం వేరు, కుటుంబాలన్నీ ఒకే రూపంలో ఉండాలనడం వేరు. మన మేనరికమే చూడండి. హిందూ వివాహ చట్టం ప్రకారం మేనమామ మేనకోడళ్లు, అన్నాచెల్లెళ్ల పిల్లలు పెళ్లాడటం నిషిద్ధం. ఆచారం ఒప్పుకుంటే చెల్లుతుందన్న ఒక్క మినహాయింపు మీద 1955 నుంచి తెలుగిళ్లలో లక్షల మేనరికాలు నిలబడ్డాయి. మేనరికం వల్ల పుట్టే బిడ్డల ఆరోగ్యం గురించి వైద్యులు చెప్పే మాట వినాల్సిందే. కానీ ఉత్తరాది ఇంటిని చూసి రాసిన నియమాన్ని మినహాయింపు లేకుండా మన మీద రుద్దితే ఎలా ఉంటుందో ఆలోచిస్తే, నికోబారీ మాట మనకు పరాయిగా తోచదు.

హిందూ చట్టం సంస్కరణ ముగిసిపోయిందని, ఇక మిగతా మతాలదే బాకీ అని చాలామంది నమ్మకం. కానీ పిల్లల్లేని హిందూ వితంతువు వీలునామా రాయకుండా చనిపోతే, ఆమె స్వార్జితం కన్నవాళ్ల కంటే ముందు భర్త వారసులకు పోతుంది. పెళ్లయిన కొద్దికాలానికే భర్తను పోగొట్టుకుని, అత్తింటివారు వెళ్లగొడితే పుట్టింట్లో చదువుకుని ఉద్యోగం చేసిన ఒక మహిళ సంపాదన, 2009లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ అత్తింటివారికే చేరింది. ఆమె కేసు మన అసెంబ్లీల్లో, పార్లమెంటులో రోజూ వినిపించాల్సింది. ఎన్నడూ వినిపించదు.

స్వతంత్ర భారతంలో మొదటిసారిగా ఉత్తరాఖండ్ ఈ పని తలకెత్తుకుంది. అక్కడి స్మృతి 2025 జనవరి 27న అమల్లోకి వచ్చింది. వారసత్వంలో అది చేసిన మేలు ఉంది. కానీ పెళ్లి కాకుండా కలిసి ఉండేవారు సర్కారు దగ్గర నమోదు కావాలని, 21 ఏళ్ల లోపు వారైతే తల్లిదండ్రులకు కబురు వెళ్లాలని కూడా అందులో రాశారు. స్త్రీ హక్కు కోసం మొదలైన చట్టం ఆమె మీద నిఘాగా మారడం నాకు మింగుడుపడలేదు. షెడ్యూల్డ్ తెగలను మాత్రం ఆ స్మృతి పూర్తిగా మినహాయించింది. మంచిదే. అయితే ఆచారాన్ని గౌరవించి ఒకరిని వదిలేసినప్పుడు, అదే మాట అడిగే మరొకరికి ఏ ప్రమాణంతో కాదంటామో చెప్పాలి కదా.

పైగా అలాంటి మినహాయింపు షెడ్యూల్డ్ తెగల జాబితాను బట్టి నడుస్తుంది. 1918 నుంచి అడవి పనులకు చోటానాగపూర్ నుంచి అండమాన్ తీసుకెళ్లిన ఒరావ్, ముండా కుటుంబాలను అక్కడ ‘రాంచీలు’ అంటారు. ఝార్ఖండ్‌లో వాళ్ల బంధువులు షెడ్యూల్డ్ తెగలు, ఈ దీవుల్లో వాళ్లు కారు. ఒకే తాత మనవల్లో ఒకరి ఆచారానికి చట్టం గొడుగు పడుతుంది, ఇంకొకరిది తడుస్తుంది.

1948 నవంబరు 23న రాజ్యాంగ సభ ఉమ్మడి స్మృతి మీద వాదించుకుంది. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ దాని వైపు గట్టిగా నిలిచారు. అంబేడ్కర్ కూడా సమర్థించారు, కానీ మొదట్లో ఒప్పుకుని ముందుకొచ్చిన వారికే వర్తించేలా పార్లమెంటు చేయవచ్చని దారి కూడా చూపించారు. ఆ దారిలో ఇప్పటికే ఒక చట్టం ఉంది, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఏ మతంవాళ్లయినా దాని కింద పెళ్లాడవచ్చు. దానికి ఉన్న 30 రోజుల నోటీసు నిబంధనను తీసేయడానికి ఏ ప్రభుత్వానికీ చేతులు రాలేదు. అందరికీ అందరూ తెలిసిన చిన్న దీవిలో, మతాంతర వివాహం చేసుకోబోయే జంట పేర్లు నెల రోజులు ఆఫీసు గోడకు అంటించి ఉంటే ఆ అమ్మాయి ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. ఉమ్మడి చట్టం కావాలనేవారు ముందు ఆ నోటీసు చింపి చూపించాలి.

మార్పు ఎప్పుడూ ఢిల్లీ నుంచే రావాలనీ లేదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా జన్మహక్కు ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలను బయట ఉంచడం ఆ చట్టంలో పెద్ద లోటే. అయినా దేశమంతటికీ ఆ హక్కు రావడానికి మరో 20 ఏళ్లు, 2005 దాకా పట్టింది.

తెగల ఆచారం కూడా ఆడవాళ్లకు అన్యాయం చేసే కవచం కాకూడదు. 2025 జులైలో సుప్రీంకోర్టు ఒక గోండు మహిళ వారసులకు సమాన వాటా ఇస్తూ, ఆడవాళ్లకు ఆస్తి ఇవ్వని ఆచారం ఉన్నట్టు రుజువు కాలేదని, కేవలం ఆడది కావడం వల్ల వాటా లేదనడం సమానత్వ హక్కుకు విరుద్ధమని చెప్పింది. అందుకు కొత్త స్మృతి అవసరం పడలేదు. అదే ప్రశ్న తుహేత్‌కు వేస్తే రూపం మారుతుంది. కొబ్బరితోటను ముక్కలు చేసి తలా ఒక వరస ఇస్తే అక్కడ సమానత్వం రాదు, తుహేత్ పోతుంది. తోట కాయను ఎవరికి ఎంత అని తేల్చేటప్పుడు ఆడవాళ్ల మాట ఎంత నెగ్గుతోంది, భర్తను వదిలి తిరిగొచ్చిన మనిషికి పాత తుహేత్‌లో చోటూ తిండీ దక్కుతున్నాయా అని అడగాలి. అడగడానికి వేదిక ఉంది, 2009 నిబంధనల కింద ఏర్పడిన ట్రైబల్ కౌన్సిళ్లు. దేశానికి ముసాయిదా అంటూ ఒకటి తయారైతే, దాన్ని నికోబారీ భాషలో అచ్చువేసి కార్ నికోబార్ ఊళ్లకు పంపాలి. కౌన్సిల్ పెద్దలతో పాటు ఆ తోటల్లో కాయ ఏరే ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టి చదివించాలి. వాళ్ల జవాబు వచ్చేదాకా ‘కుటుంబం’ అన్న గడిని ఖాళీగా ఉంచాలి.