కాశీకి పోకున్నా చార్జీ కట్టాలా?

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని పూర్వం అనేవారు. శంషాబాద్‌లో విమానమెక్కితే పూట గడవకముందే గంగ ఒడ్డున ఉండొచ్చు కాబట్టి ఇప్పుడా మాట చెల్లదు. చెల్లనిదల్లా ప్రయాణం మానుకున్నవాళ్ల టికెట్టే!

దేవరకొండలోనో, జడ్చర్లలోనో ఒక ఇల్లనుకోండి. తల్లి కోరిక తీర్చాలని కొడుకు రెండు నెలల ముందే కాశీకి నాలుగు టికెట్లు తీశాడు. ఒక్కోటి 4,500 రూపాయలు. ఇంకా నెల ఉందనగా పెద్దామె వాకిట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. టికెట్లు తీసిచ్చిన ఏజెంటు దగ్గరికి పోతే, 'ఆఫర్ టికెట్లు కదన్నా, క్యాన్సిల్ చేస్తే ఏం రాదు' అన్నాడు. ఆస్పత్రి హడావుడిలో ఉన్న మనిషి, సరేలెమ్మని ఊరుకున్నాడు.

నిజంగానే ఏమీ రాదా? వస్తుంది. పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) 2016 ఆగస్టు నుంచి అమలుచేసిన నిబంధనల ప్రకారం రద్దు రుసుము మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీ కలిపినంతకు మించకూడదు. పన్నులు, విమానాశ్రయ రుసుములు ప్రయాణికుడికి తిరిగివ్వాల్సిందే. ఆఫర్ టికెట్టయినా, అసలు విమానాశ్రయం మొహమే చూడకపోయినా సరే! పై లెక్కలో మూల ఛార్జీ 3,600, మిగతావి 900 అనుకుంటే, నాలుగు టికెట్ల మీద 3,600 రూపాయలు ఆ ఇంటికి రావాలి. 'రీఫండ్ ప్రాసెసింగ్' అంటూ అందులోంచి మళ్లీ కోయకూడదు. ఏజెంటు ద్వారా కొన్నా డబ్బు తిరిగిచ్చే బాధ్యత విమాన సంస్థదేనని ఆ నిబంధనల్లోనే ఉంది. మన ఊళ్లలో చాలామందికి విమాన సంస్థ అంటే బస్టాండు ఎదుటి ఏజెంటే కాబట్టి ఈ సంగతి ముఖ్యం.

సరే, ఆ మూల ఛార్జీ మొత్తం మింగేయడం న్యాయమేనా? సంస్థల వాదన ఒకటుంది. విమానంలో సీటు సాయంత్రానికి వాడిపోయే మల్లెదండ లాంటిది. గాల్లోకి లేచాక ఖాళీ సీటు ఎవరికీ పనికిరాదు. తక్కువ ధరకిచ్చేదే 'రద్దు చేసుకోను' అన్న ఒప్పందం మీద అంటారు. చివరి గంటలో మానుకున్నవాళ్ల విషయంలో ఇది సబబే. కానీ నెల ముందు వదిలేసిన సీటు? దాన్ని మళ్లీ అమ్ముతారు, చాలాసార్లు ఎక్కువ ధరకే. నష్టం లేనిచోట పరిహారం ఏమిటి? రైల్వే 2015 నవంబరులో తెచ్చిన నిబంధనల్లో 48 గంటల ముందు రద్దు చేసుకుంటే స్లీపరుకు 120 రూపాయలే పట్టుకునేవారు. బండి టైం దగ్గరపడే కొద్దీ కోత పెరిగేది. పద్ధతంటే అదీ.

విమానాల్లో కాస్త ఊరట 2019లో దొరికింది. ప్రయాణానికి కనీసం ఏడు రోజుల గడువుంటే, కొన్న 24 గంటల్లోపు ఉచితంగా రద్దు చేసుకోవచ్చన్నారు. అమెరికాలో ఇలాంటి నిబంధన 2012 నుంచే ఉంది. 2025 నవంబరులో డీజీసీఏ ఈ గడువును 48 గంటలు చేయాలంటూ ముసాయిదా తెచ్చింది. పేరులో అక్షరం తప్పు పడినవాళ్లకూ, తేదీ పొరబడినవాళ్లకూ ఇది మేలే. తుంటి విరిగే ముహూర్తం మాత్రం టికెట్టు కొన్న రెండు రోజుల్లోనే రావాలని లేదు కదా!

మరి సంస్థే విమానం రద్దు చేస్తే? లాక్‌డౌన్‌లో ఆ అనుభవమూ అయింది. 2020లో విమానాలు ఆగిపోయినప్పుడు చాలా సంస్థలు డబ్బుకు బదులు 'క్రెడిట్ షెల్' చేతిలో పెట్టాయి. గల్ఫ్‌లో పని పోగొట్టుకున్న మనిషి దాన్నేం చేసుకుంటాడు? ప్రవాసీ లీగల్ సెల్ సుప్రీంకోర్టుకెళ్లింది. ఆ ఏడాది అక్టోబరు 1న తీర్పు వచ్చింది. లాక్‌డౌన్ కాలంలోనే కొన్న టికెట్లకు పూర్తి డబ్బు ఇవ్వాలని, అంతకుముందు కొన్నవాటికి వెంటనే ఇవ్వలేని సంస్థలు 2021 మార్చి 31 వరకు చెల్లే షెల్ ఇవ్వాలని, దాన్ని వేరేవాళ్లకు బదిలీ చేసుకోవచ్చని కోర్టు చెప్పింది. ఆలస్యానికి నెలనెలా విలువ పెంచమంది కూడా. అంతకాలం ప్రయాణికుల డబ్బు మాత్రం సంస్థల దగ్గరే తిరిగింది. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయినప్పుడు ప్రభుత్వం అంత ఓపిక పట్టలేదు. 7వ తేదీ రాత్రి 8 గంటల్లోగా రీఫండ్లు పూర్తి చేయాలని గడువు పెట్టింది.

కాశీ టికెట్ల సంగతికొస్తే, ముందు విమాన సంస్థకే రాతపూర్వకంగా అడగాలి. పలకకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. అదీ కాకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్. విమాన సంస్థ ఆఫీసు ఢిల్లీలో ఉందనో, ముంబైలో ఉందనో వెనక్కి తగ్గనక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఉండే జిల్లాలోనే, అంటే నల్లగొండవాళ్లు నల్లగొండలో, పాలమూరువాళ్లు మహబూబ్‌నగర్‌లో కేసు వేసుకోవచ్చు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. టికెట్టు కాగితం, డబ్బు కట్టిన రసీదు, ఏజెంటు పంపిన మెసేజీ పారేయకుండా ఉంచుకుంటే చాలు.