చలిలో మాన్యువల్ కారు: రిమోట్ కిట్ కన్నా ఎడమ కాలే నయం

చలికాలం వచ్చిందంటే చాలు, రిమోట్ స్టార్ట్ కిట్‌ల యాడ్స్ మొదలవుతాయి. దుప్పట్లోంచి లేవకుండానే ఫోన్‌లో బటన్ నొక్కండి, కారు వేడెక్కి రెడీగా ఉంటుంది అంటారు. వినడానికి బాగానే ఉంది. కానీ మీది మాన్యువల్ కారైతే బయట బిగించే ఆ కిట్ జోలికి పోవద్దనేదే మా మాట.

ఎందుకంటారా? లంబసింగి, అరకు లాంటి చోట్ల ఏటవాలులో కారు ఆపితే హ్యాండ్‌బ్రేక్‌తో పాటు గేర్‌లో కూడా ఉంచుతాం. అది మంచి అలవాటే. అయితే క్లచ్ నొక్కితేనే స్టార్టయ్యే కార్లలో ఇలాంటి కిట్ పని చేయాలంటే క్లచ్ స్విచ్‌ను బైపాస్ చేయాలి. అప్పుడు గేర్‌లో ఉన్న కారు సెల్ఫ్ తగలగానే ఒక్క ఉదుటున దూకొచ్చు. ఎదురుగా గోడ ఉంటే బంపర్‌తో పోతుంది. పిల్లలుంటే? ఇక మూసిన షెడ్‌లో ఇంజిన్ నడిస్తే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, ప్రాణం మాత్రం తీస్తుంది.

ఇంతకీ పది నిమిషాల వార్మప్ అవసరమా? కార్బురేటర్, చోక్ ఉన్న రోజుల్లో అవసరమే. ఇప్పటి ఇంజిన్లు సెన్సర్ చూసుకుని పెట్రోల్ ఎంత పంపాలో అవే తేల్చుకుంటాయి. మన దగ్గరి చలికి అర నిమిషం చాలు. ఊరికే ఆన్‌లో ఉంచితే పెట్రోల్ దండగ. పైగా గేర్‌బాక్స్ ఆయిల్, టైర్లు కారు కదిలితేనే వేడెక్కుతాయి.

మరి ఏం చేయాలి? ముందు గేర్ న్యూట్రల్‌లో పెట్టండి. లైట్లు, ఏసీ, మ్యూజిక్ ఆపేయండి. డీజిల్ కారైతే డ్యాష్‌బోర్డ్‌పై చుట్టలా కనిపించే గ్లో ప్లగ్ లైట్ ఆరేదాకా ఆగండి. క్లచ్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ కొట్టండి. చల్లటి ఆయిల్‌లో గేర్‌బాక్స్‌ను తిప్పే భారం మోటార్‌కి తప్పుతుంది. స్టార్ట్ కాకపోతే వదలకుండా కొట్టొద్దు, అర నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించండి. బయల్దేరాక మొదటి కొన్ని కిలోమీటర్లు యాక్సిలరేటర్ మెల్లగా తొక్కండి. సెకండ్ గేర్ బిగుసుగా పడితే కంగారొద్దు, అదీ చలి వల్లే. బలవంతం చేయకండి. ఘాట్‌లో దిగేటప్పుడు న్యూట్రల్ అస్సలు వద్దు, లో గేర్‌లోనే దిగండి. పొగమంచులో లో బీమ్ వాడండి. అద్దానికి లోపల ఆవిరి పడితే డీఫాగర్, ఏసీ కలిపి ఆన్ చేయండి.

కిట్‌కి పెట్టే డబ్బు వేరే చోట పెట్టండి. చలిలో బ్యాటరీ శక్తి తగ్గుతుంది, అదే టైమ్‌లో ఆయిల్ చిక్కబడి ఇంజిన్‌ను తిప్పడానికి ఇంకా ఎక్కువ శక్తి కావాలి. కాబట్టి నవంబర్‌లోనే బ్యాటరీ టెస్ట్ చేయించండి, పాతబడితే మార్చేయండి. ఇంజిన్ ఆయిల్ మాన్యువల్‌లో రాసిన గ్రేడ్‌దే పోయించండి. 5డబ్ల్యూ-30లో ‘డబ్ల్యూ’ అంటే వింటర్. దాని ముందు అంకె ఎంత తక్కువైతే చలిలో ఆయిల్ అంత తేలిగ్గా పారుతుంది.

గ్యాడ్జెట్లంటే మాకూ ఇష్టమే. కానీ క్లచ్ మీద కాలు పెట్టే పని మాత్రం ఫోన్‌కి అప్పగించేది కాదు.