ఐదు దినముల పరీక్ష

ఇంటర్మీడియెట్ చదువుచున్న పిల్లలకు, పదునారున్నర యేండ్ల ప్రాయము వచ్చినచో, ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీ పరీక్షకు దరఖాస్తు చేయు నర్హత గలదు. 2021లో బాలికలకును అవకాశమిచ్చిరి. వారిలో మొదటి 17 మంది 2025 మే నెలలో శిక్షణ ముగించి వెలువడిరి. ఇది మన పిల్లలెఱిగినదే. వ్రాతపరీక్షకు 900 మార్కులు. అందు నెగ్గినవారికి సర్వీసెస్ సెలక్షన్ బోర్డువారు ఐదు దినములు జరుపు పరీక్షకు మఱి 900. తలిదండ్రులు మొదటిదానికి పుస్తకములు కొందురు, రెండవదానికి అప్పు చేసియైనను శిక్షణాలయములకు సొమ్ము గట్టుదురు. ఈ రెండవ వ్యయమును గూర్చియే నా విన్నపము.

అట్టి శిక్షణలో కొన్నింట పిల్లలచే కథలు వల్లె వేయింతురు. పరీక్షలో పదునొకండు బొమ్మలు వరుసగా చూపుదురు. ఒక్కొక్కటి 30 సెకండ్లు చూచి, నాలుగు నిమిషములలో కథ వ్రాయవలెను. పండ్రెండవది ఉత్త తెల్లకాగితము. దానికొఱకు బాలుడు ఇంటనే యొక వీరగాథ సిద్ధము చేసికొని పోవును. ఏటిలో మునుగుచున్న బిడ్డను కాపాడిన కథ యన్న మఱింత మక్కువ. ఇట్టి బిడ్డల నెందఱిని ఆ బోర్డువారు గట్టెక్కించి యుందురో! పిదప 60 మాటలు, మాటకు 15 సెకండ్లు. అటుపిమ్మట 60 చిక్కు సందర్భములు, అన్నిటికిని 30 నిమిషములే. ఇంత వేగములో వేషము నిలువదు. కలమునకు వచ్చునది అలవాటే.

పరీక్షించువారు మువ్వురు. మనస్తత్వజ్ఞుడు వ్రాతను జూచును. వేఱొక అధికారి యెదుట కూర్చుండబెట్టుకొని ప్రశ్నించును. మూడవవాడు పలకలు, దుంగలు, త్రాళ్లు ఇచ్చి, నేల ముట్టక దాటుడని గుంపును మైదానమున విడుచును. మువ్వురును వేర్వేఱుగ మార్కులు వేసి, కడపటి దినమున ఒకచోట గూడుదురు. మన పెద్దలు త్రికరణశుద్ధి యన్న దానినే వారు కొలుచుచున్నారని నాకు తోచును. కథలో పరులకై ప్రాణమిచ్చినవాడు, మైదానమున తోటివాని చేతిలోని పలకను లాగికొన్నచో, ఆ కథ యేమి కావలెను?

ఇంగ్లీషునకు జంకు పల్లెపిల్లల సంగతి వేఱు. వారి భయము నిజమైనది. వ్రాతపరీక్షలో ఇంగ్లీషునకు 200 మార్కులు గలవు. బోర్డులో మొదటి దినపు చర్చయందు నోరు మెదపనివాడు ఆనాడే ఇంటిదారి పట్టవచ్చును. దీనికి రెండు వారముల శిక్షణ చాలదు. ఎనిమిదవ తరగతినుండి వారమునకొకనాడైనను పిల్లలను లేపి మాటలాడింపవలెను. చేయకపోవుట ఉపాధ్యాయులమైన మా లోపమే.

నేనెఱిగిన యొక పూర్వవిద్యార్థి మొదటిసారి బోర్డునుండి తిరిగివచ్చి, నెల దినములు వీధిలో ముఖము చూపలేదు. వయస్సు మించనంతవఱకు మరల పోవచ్చునని తండ్రికి చెప్పవలసి వచ్చినది. ఇప్పుడా బాలుడు సాయంకాలములందు చిన్నతరగతులవారికి కబడ్డీ నేర్పుచున్నాడు. మరల దరఖాస్తు పంపినాడు. శిక్షణకని దాచిన సొమ్ముతో తండ్రి చెల్లెలి ఫీజు గట్టెను.