గుండెలోని లోహానికి అలసట పరీక్ష

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీ విజయపురం విశాఖపట్నానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2024లో పేరు మారే వరకు అది పోర్ట్ బ్లెయిర్. విశాఖ నుంచి ఓడలో వెళితే రెండు రోజులకు పైగా పడుతుంది. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే అక్కడికి ఇంకా దక్షిణాన, మరో 500 కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉంది. క్లిష్టమైన గుండె చికిత్సకు చెన్నై వంటి నగరాలకు వెళ్లి, స్టెంటో కృత్రిమ కవాటమో అమర్చుకొని తిరిగి సముద్రం దాటడం దీవుల వారికి కొత్త కాదు. జంగ్లీఘాట్‌లో స్థిరపడిన తెలుగు మత్స్యకార కుటుంబాలదీ ఇదే స్థితి. ఆ పరికరం పగిలితే శస్త్రవైద్యుడు సముద్రానికి ఆవలి ఒడ్డున ఉంటాడు. కనుక అది ఎన్నాళ్లు నిలుస్తుందన్న ప్రశ్న మహానగర రోగి కంటే దీవివాసికే ఎక్కువ ముఖ్యం.

ఇనుప తీగను ఒకసారి వంచితే విరగదు. పదేపదే వంచితే విరుగుతుంది. లోహపు అలసట అంటే ఇదే. గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే ఏడాదికి దాదాపు 3 కోట్ల 80 లక్షల స్పందనలు. పదేళ్లకు 38 కోట్లు. అందుకే స్టెంట్ల మన్నికకు 40 కోట్ల ఆవృత్తులను కొలమానంగా తీసుకుంటారు.

ఈ పరీక్షను గుండె వేగంతోనే జరిపితే పదేళ్లు వేచి ఉండాలి. సెకనుకు 50 ఆవృత్తుల చొప్పున జరిపితే దాదాపు మూడు నెలలు చాలు. అయితే ఒక్క నమూనా నిలిచినంత మాత్రాన తేలేది స్వల్పం. ఒకే లోహంతో, ఒకే అచ్చులో చేసిన రెండు ముక్కలు కూడా వేర్వేరు సమయాల్లో విరుగుతాయి. నూటికి 90 పరికరాలు నిలుస్తాయని 95 శాతం విశ్వాసంతో చెప్పాలంటే 29 నమూనాలు ఒక్కటీ విరగకుండా పరీక్ష దాటాలి. ఒకదాని తర్వాత ఒకటిగా పరీక్షిస్తే ఏడేళ్లకు పైనే! ఒకేసారి పన్నెండింటిని పట్టే యంత్రం ఉంటే మూడు విడతలు, తొమ్మిది నెలలు. బహుళ నమూనాల యంత్రం విలువ ఇక్కడే ఉంది. నమూనాలను శరీర ఉష్ణోగ్రత అయిన 37 డిగ్రీల వద్ద ఉప్పునీటిలో ఉంచుతారు. ప్రతిదాని మీద పడే బలాన్నీ విడిగా కొలుస్తారు, ఒకటి విరిగినా మిగతావి ఆగవు. వేగం మితిమీరితే మాత్రం ప్లాస్టిక్ పదార్థాలు వేడెక్కి ఫలితం తప్పుదారి పట్టవచ్చు. కాబట్టి వాటికి సమయం ఎక్కువే కేటాయించాలి.

పరీక్షకు చిక్కని లోపం ఎంత ప్రమాదకరమో బియోర్క్-షైలీ కవాటం చాటింది. 1986లో మార్కెట్ నుంచి తొలగించేలోగా ప్రపంచవ్యాప్తంగా సుమారు 86 వేల మందికి దానిలోని ఒక రకాన్ని అమర్చారు. లోపలి సన్నని లోహపు కాడ విరిగి వందల మంది మరణించారు.

మన దేశంలోనూ పాఠాలున్నాయి. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ రూపొందించిన కవాటంలో మొదటి మూడు నమూనాలు విఫలమయ్యాయి. నాలుగోదాన్ని 1990 డిసెంబరులో తొలిసారి రోగికి అమర్చారు. హైదరాబాదులో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి 1990లలో చౌక స్టెంటును రూపొందించారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత స్టెంటు ధరను 29,600 రూపాయలకు పరిమితం చేసింది. ధర దిగింది, మంచిదే. కానీ బిల్లు మీద అంకె చూసి మన్నిక చెప్పలేం కదా!

ఖరీదైన ఈ యంత్రాలను ప్రతి చిన్న తయారీదారూ కొనలేడు. విశాఖలో 2016లో ఏర్పాటైన మెడ్‌టెక్ జోన్ ఒకే ఆవరణలో పరీక్షశాలలను పలు సంస్థలు పంచుకునే పద్ధతిని అనుసరిస్తోంది. అలసట పరీక్షలకూ ఆ బాటే తగినది. ఈ సౌకర్యాన్ని పరిశ్రమకు ఇచ్చే రాయితీగా గాక ప్రజారోగ్య వ్యయంగా లెక్కించడం సమంజసం. ఎన్ని నమూనాలు, ఎన్ని ఆవృత్తులు, ఎన్ని విరిగాయి అన్న మూడు అంకెలనూ కొనుగోలు టెండర్లలోనే అడిగే అధికారం ప్రభుత్వ ఆసుపత్రులకు ఉంది. దీవుల రోగులను ప్రధాన భూభాగానికి పంపే అధికారులు ముందుగా ఆ షరతు పెట్టవచ్చు.